మండితేనే మందా?

మన ఇళ్ళలో చిన్న గాయానికి జరిగే ఉపచారాన్ని గమనించినప్పుడల్లా నాకొక సంగతి విచిత్రంగా తోస్తుంది. ఇంట్లో ఉన్న సమస్తమూ దానిమీదికి వస్తుంది. పసుపు, కాఫీపొడి, సున్నం, టింక్చరు, చివరికి ముఖానికి రాసుకునే పౌడరు కూడా! రానివి నీళ్ళు మాత్రమే. "తడి తగలనీయకు, చీము పడుతుంది" అన్నది తరతరాల శాసనం. వంకాయ తినవద్దన్న పథ్యాన్ని ఉల్లంఘించినవారుంటారేమో కానీ, ఈ శాసనాన్ని ధిక్కరించినవారు అరుదు. మనం చేసే అపచారాల్లో సగం ఇక్కడే మొదలవుతాయని నా అభిప్రాయం.

చీము నీటివల్ల పట్టదు. గాయంలో మిగిలిపోయిన మట్టివల్ల, ఇసుకరేణువువల్ల, వాటినంటుకొని ఉన్న సూక్ష్మజీవులవల్ల పడుతుంది. వాటిని వెళ్ళగొట్టే శక్తి ధారగా పడే నీటికున్నంతగా ఏ పొడికీ లేదు. తాగదగిన కుళాయినీటితో కడిగిన గాయాలకూ, ఆసుపత్రి సెలైనుతో కడిగినవాటికీ చీము పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని పలు పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినవారు చెప్పారు. (చెరువునీళ్ళకూ, వారంనాటి తొట్టినీళ్ళకూ ఇది వర్తించదని వేరే చెప్పాలా?) అటువంటి నీళ్ళు లేనిచోట కాచి చల్లార్చినవి చాలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టాలి. మనవాళ్ళు అరనిమిషానికొకసారి ఎత్తి చూస్తారు, అప్పుడే కడుతున్న గడ్డ కాస్తా ఊడివస్తుంది.

ఇక రెండవ నమ్మకం, మండితేనే మందు పనిచేస్తున్నట్టని. పిల్లవాడు కెవ్వుమంటే పెద్దవాళ్ళకు తృప్తి! టింక్చరు అయోడిన్, స్పిరిటు, నీళ్ళు కలపని డెట్టాలు, నురగలు కక్కే హైడ్రోజన్ పెరాక్సైడు - వీటి ప్రతిష్ఠ అంతా ఆ కేకమీదే నిలిచింది. అవి సూక్ష్మజీవులను చంపే మాట నిజమే. అయితే వాటితోపాటు గాయాన్ని పూడ్చడానికి వచ్చే మన కణాలను కూడా చంపుతాయి. ఇది నిన్నమొన్నటి మాట కాదు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్రాన్సులోని బులోన్ సైనిక ఆసుపత్రిలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, లోతైన గాయాల్లో ఆనాటి క్రిమిసంహారకాలు మూలమూలలకు చేరలేవనీ, క్రిములకంటే తెల్లరక్తకణాలకే ఎక్కువ చేటు చేస్తున్నాయనీ చూపించాడు. 1928లో పెన్సిలిన్ కనిపెట్టింది ఆయనే. ఆ కీర్తి దేశదేశాలకూ పాకింది, ఈ హెచ్చరిక మాత్రం మన టింక్చరు సీసాదాకా రాలేదు.

పసుపు మాట ఎత్తితే నొచ్చుకునేవారుంటారని తెలుసు. గాయాలు మాన్పడంలో పసుపు వాడకంపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు దక్కింది. మన సి.ఎస్.ఐ.ఆర్. ప్రాచీన గ్రంథాలనూ పాత వ్యాసాలనూ ముందుపెట్టి సవాలు చేయగా, 1997లో అది రద్దయింది. గర్వించదగ్గ విజయమే, కాదనను. కానీ అక్కడ తేలిందేమిటి? ఆ వాడుక కొత్తది కాదని, మనకు ముందే తెలుసునని. అంతేగాని వంటింటి డబ్బాలోని పసుపు శుద్ధమైన ఔషధమని ఎవరూ తీర్పివ్వలేదు. పొలంలో తవ్వి, ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, మర పట్టించి, తడిచేతి చెంచాతో తీసుకునే పొడి అది. అందులో సూక్ష్మజీవుల సిద్ధబీజాలుంటాయి. రంగుకోసం కలిపే సీసపు లవణం ఉండే ప్రమాదమూ ఉంది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. గాయం చెడుతున్నదనడానికి మొదటి గుర్తు చుట్టూ పాకే ఎరుపు. పసుపు పూసినచోట ఆ ఎరుపు కనబడేదెలా?

బాటపక్క గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండే అలవాటుకూ ఇదే మాట చెప్పాలి. ఆ మొక్కలో గుణం ఉండవచ్చు. అది మొలిచిన మట్టిలో, పశువుల పేడలో ధనుర్వాతపు బీజాలు కూడా ఉంటాయి. (ధనుర్వాతానికి తుప్పు మేకే కారణమని మనకొక మూఢనమ్మకం. తుప్పుకు ఆ శక్తి లేదు, మేకుకంటిన మట్టికుంది.)

"గాలి తగలనీ, ఎండి చెక్కు కడుతుంది" అన్న సలహా కూడా పాతబడిపోయింది. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మంమీది గాయాలను పలుచని పొరతో కప్పి చూస్తే, గాలికి వదిలినవాటికంటే సుమారు రెట్టింపు వేగంతో కొత్తచర్మం కప్పుకున్నది. కడిగిన గాయంమీద కాస్త వాజిలీను రాసి, శుభ్రమైన కట్టు కట్టి, అది తడిసినా మురికైనా మార్చడమే నేడు వైద్యులు చెబుతున్నది. పొడిమందు చల్లితే గట్టిపడి పెచ్చు కడుతుంది, కిందనేమి జరుగుతున్నదో తెలియదు.

ఇవన్నీ మోచేతి గీతలకు పరిమితమైతే ఇంత రాయనక్కరలేదు. దేవుడి గదిలో, వాకిట్లో ఉత్తకాళ్ళతో తిరిగే మధుమేహపు పెద్దలు మనలో ఎన్ని ఇళ్ళలో లేరు? ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేని కాలికి స్పర్శ తగ్గిపోతుంది. మంటే మందుకు కొలత అనుకునేవారికి, నొప్పే గాయానికి కొలత అవుతుంది. నొప్పి లేదు కనుక గాయమూ లేదు! పైగా ఆ కాలికి వేడినీళ్ళ కాపడం పెడతారు, చర్మం కాలినా తెలియదు. అక్కడ చిన్న గాయమంటూ ఏదీ లేదు, అదేరోజు వైద్యుడికి చూపించవలసిందే.

కుక్కకాటు సంగతి మరీ ఘోరం. కారమో సున్నమో అద్దుతారు. రేబిస్ క్రిమిపైన కొవ్వుపొర ఉంటుంది, సబ్బు దానిని కరిగిస్తుంది. అందుకే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగమంటారు. తరువాత టీకా, రక్తం కారేటంత కాటయితే గాయంలోకే ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవారు దాదాపు లేరు. కారం కూరిన గాయంతో మనిషి వస్తే వైద్యుడు ముందు ఆ కారాన్ని కడగాలి. ఇంటి కుళాయి దగ్గర కావలసిన ఆ కడుగుడు, ఆసుపత్రి ఎంత దూరముంటే అంత ఆలస్యమవుతుంది.