పన్ను తీశాక చెవి వినబడకపోతే ఊరుకోవద్దు



పన్ను తీయించుకోవాలంటే భయపడేవారు మన వైపు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని ఒక భయం. చివరి దవడ పన్ను తీస్తే చెవుడు వస్తుందని ఇంకొక భయం. మొదటిది ఒట్టి అపోహ. పన్ను తీసినందువల్ల చూపు పోదు. రెండవదాని గురించి మాత్రం కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. అందులో చాలా వరకు అపోహే అయినా, కొంచెం నిజం కూడా ఉన్నది. ఆ కొంచెం నిజాన్ని పట్టించుకోనందువల్ల ఒక చెవి పోగొట్టుకున్న మనిషిని నేను చూశాను. ఆ తప్పులో నాకూ భాగం ఉన్నది.

చాలా ఏళ్ల క్రితం నేను వేరొక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. పల్లె బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ క్రింది జ్ఞానదంతం తీయించుకున్నది. నాలుగవ రోజున కుట్లు చూపించుకోవడానికి వచ్చి, "సిస్టరమ్మా, ఈ పక్క చెవి మూసుకుపోయినట్టున్నది. ఫోను పెట్టుకుంటే వినబడుతలేదు" అన్నది. బుగ్గ ఇంకా వాచే ఉన్నది. "వాపు తీస్తే అదే పోతదమ్మా" అని చెప్పి పంపించింది నేనే. డాక్టరుగారి చెవిన కూడా వేయలేదు. ఇంటి దగ్గర వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోశారు. వాపు తగ్గింది గాని చెవి తెరుచుకోలేదు. నెలన్నర తర్వాత హైదరాబాదులో వినికిడి పరీక్ష చేయిస్తే లోపలి చెవి దెబ్బతిన్నదని తేలింది. మందులు వాడినా వినికిడి తిరిగి రాలేదు. తరగతిలో పిల్లలు పిలిస్తే ఏ పక్క నుంచి పిలుస్తున్నారో ఆమెకు తెలిసేది కాదు. ఒక చెవే పనిచేసేవారికి ఇదే పెద్ద కష్టం.

అది పన్ను తీసినందువల్లనే వచ్చిందా, అదే వారంలో వేరే కారణంతో వచ్చిందా అన్నది డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేకపోయారు. నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. కారణం ఏమిటో నెమ్మదిగా వెతుక్కోవచ్చు. చెవి పరీక్ష మాత్రం ఆగకూడదు.

ముందుగా, పంటికీ చెవికీ సంబంధం ఏమిటో చూద్దాం. జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. మన పెద్దలు కొందరు అకల్ దాడ్ అంటారు. దవడలో చోటు చాలక కొందరికి ఇవి అడ్డంగా, సగం చిగురులోనే ఇరుక్కుపోతాయి. మీ వేలు చెవి ముందు పెట్టుకొని నోరు తెరిచి మూయండి. వేలి క్రింద కదిలేదే దవడ కీలు. చెవి గొట్టానికి అది అంత దగ్గర. క్రింది పళ్ల నొప్పిని మెదడుకు చేరవేసే నరమే ఒక కొమ్మగా చెవి ముందు భాగానికి కూడా వెళుతుంది. అందుకే పంటి నొప్పి చెవిపోటులాగా తెలుస్తుంది. చెవి బాగానే ఉన్నా చెవి నొప్పిగా ఉంటుంది.

గొంతు వెనుక నుంచి మధ్య చెవికి గాలి పోయే సన్నని గొట్టం ఒకటి ఉన్నది. మనం మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుంటుంది. పన్ను తీశాక అక్కడి కండరాలు బిగుసుకొని, వాపు వచ్చి, నోరు సరిగా తెరవలేకపోతే ఆ గొట్టం కూడా సరిగా తెరుచుకోకపోవచ్చు. అప్పుడు చెవి నిండినట్టు, దూరం నుంచి మాట వచ్చినట్టు ఉంటుంది. వాపు రెండు మూడు రోజులలో ఎక్కువై, వారంలో తగ్గుతుంది. నోరు బిగుసుకోవడం తగ్గడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. దానితో పాటే చెవి కూడా తేలికపడుతుంది. ఎక్కువమందికి జరిగేది ఇదే.

మూడవ, నాలుగవ రోజున నొప్పి తగ్గవలసింది పోయి పెరిగి, చెవి దాకా లాగుతూ, నోరు వాసన వస్తుంటే పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయిందేమో చూడాలి. బీడీ, చుట్ట తాగేవారికి ఇది ఎక్కువ. దీనికి పంటి డాక్టరు గుంటను కడిగి మందు పెడితే ఉపశమనం కలుగుతుంది. దీనివల్ల చెవుడు రాదు.

ఇక అసలు భయం. వినికిడిని మెదడుకు చేర్చే నరం వేరు, పంటి నరం వేరు. లోపలి చెవి పుర్రె ఎముకలో లోతుగా దాగి ఉంటుంది. పన్ను తీసే పనిముట్లు దాని దరిదాపులకు కూడా పోవు. అయినా పంటి చికిత్స తర్వాత ఒక చెవి వినికిడి హఠాత్తుగా పడిపోయిన కేసులు వైద్య పత్రికలలో కొన్ని నమోదైనాయి. అవి బహు అరుదు. ఏ కారణంతో వచ్చిందో చాలాసార్లు తేలలేదు. పన్ను ముట్టనివారికి కూడా ఇలా ఒక చెవి హఠాత్తుగా పోవడం ఉన్నది. దేనివల్ల వచ్చినా చికిత్స ఒకటే తొందర. స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఆశ. రెండు వారాలు దాటితే ఆ ఆశ బాగా తగ్గుతుంది. షుగరు ఉన్నవారికి ఈ మందుతో షుగరు పెరుగుతుంది గనుక డాక్టరుకు తప్పక చెప్పాలి.

వాపు వల్ల మూసుకుపోయిన చెవికీ, లోపల దెబ్బతిన్న చెవికీ తేడా ఎట్లా తెలుస్తుంది? రోగికి రెండూ "మూసుకుపోయినట్టు" గానే ఉంటాయి. ఇంట్లో చేసుకోదగిన ఒక చిన్న పరీక్ష ఉన్నది. పెదవులు మూసి, క్వయరులో పాట ఎత్తుకునే ముందు చేసినట్టు "మ్..." అని సన్నగా రాగం తీయండి. మంచి చెవులున్నవారు ఒక చెవిని వేలితో మూసుకొని ఇట్లా చేస్తే, ఆ శబ్దం మూసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. అదే విధంగా, ఇబ్బంది ఉన్న చెవి పక్కనే శబ్దం గట్టిగా తోస్తే అది సాధారణంగా బయటి లేదా మధ్య చెవి మూసుకుపోవడం. బాగున్న చెవి పక్కకు శబ్దం పోతే లోపలి చెవిని అనుమానించాలి. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి పోవాలి. అయితే ఇది సూచన మాత్రమే. ఏ పక్క వినిపించినా వినికిడి తగ్గిందనిపిస్తే చూపించుకోవలసిందే. ఆసుపత్రిలో శ్రుతిదండంతో చూసి, ఆ పైన ఆడియోమెట్రీ చేస్తే సంగతి ఖాయంగా తెలుస్తుంది. ఆడియోమెట్రీలో సూది లేదు, నొప్పి లేదు. చెవులకు హెడ్‌ఫోను పెట్టి, శబ్దం వినబడినప్పుడు చెప్పమంటారు, అంతే.

ఈ లక్షణాలు ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు: ఒక చెవి హఠాత్తుగా తగ్గడం, చెవిలో హోరు, కళ్లు తిరిగి పడిపోయేటట్టు ఉండడం, చెవి నుంచి చీము లేదా రక్తం, మూతి ఒక పక్కకు లాగడం. జ్వరంతో మెడ వాచి, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైతే అది చెవి సంగతి కాదు, ప్రాణాపాయం. వెంటనే ఎమర్జెన్సీకి రావాలి.

చేయకూడనివి కూడా చెప్పాలి. చెవిలో నూనె, వెల్లుల్లి రసం, ఆకు పసరు పోయవద్దు. పుల్ల, పిన్నీసు పెట్టవద్దు. వాపు త్వరగా తగ్గాలని ఊళ్లో సూది వేయించుకోవద్దు. జెంటామైసిన్, అమికాసిన్ అనే సూదులు ప్రాణం కాపాడే మందులే గాని, లోపలి చెవిని దెబ్బతీయగలవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అపాయం ఇంకా ఎక్కువ. ఈ దెబ్బ సాధారణంగా రెండు చెవులకూ తగులుతుంది, కొన్నిసార్లు సూదులు ఆపిన తర్వాత బయటపడుతుంది. అప్పుడు నింద మాత్రం పన్ను మీద పడుతుంది. ఏ సూది వేస్తున్నారో పేరు అడిగి కాగితం మీద రాయించుకోండి. అడగడం అమర్యాద కాదు.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. సిరిసిల్ల మరమగ్గాల మధ్య, సింగరేణి గనులలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఆ మోతకు వినికిడి కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. వెనకట క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేసుకున్నవారిలోనూ కొందరికి చెవులు దెబ్బతిన్నాయి. నొప్పి లేదు గనుక వారికే తెలియదు. పన్ను తీయించుకున్నాక చెవి మీద ధ్యాస పెట్టేసరికి పాత లోపం కొత్తగా కనబడుతుంది. ముందే పరీక్ష చేసి ఉంటే ఈ గందరగోళం ఉండదు.

వెనుకటి రోజులలో పరీక్షకు పోవాలంటే హైదరాబాదు కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రే దిక్కు అనుకునేవారు. కరీంనగర్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుంచి సుమారు 300. కూలి పోగొట్టుకొని అంత దూరం పోవడం కంటే ఇంట్లో నూనె పోసుకోవడం తేలిక అనిపిస్తుంది. ఆ పేదవాళ్లను నేను తప్పుపట్టను. ఆదిలాబాదులో 2008లో రిమ్స్ వచ్చింది. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. వైద్య కళాశాల ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంటుంది. దూరం తగ్గింది. మన అలవాటు కూడా మారాలి.

2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు పేరుతో మన రాష్ట్రంలో ఊరూరా కళ్లు పరీక్షించి అద్దాలు ఇచ్చారు. చెవుల కోసం అట్లా ఊరూరా తిరిగినవారు లేరు. బధిరత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 2006-07లోనే మొదలైనా మన పల్లెలలో దాని పేరు తెలిసినవారు తక్కువ. కంటికి అద్దాలు పెట్టుకుంటే గౌరవం, చెవికి మిషను పెట్టుకుంటే నామోషీ అనుకుంటాము. అందుకే చెవి తగ్గిందని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పినప్పుడు మేము వినకపోతే ఇంకెప్పుడూ చెప్పరు.

కనుక నా అభిప్రాయం ఇది. జ్ఞానదంతం తీసే ప్రతి చోటా, తీయకముందే "రెండు చెవులూ బాగా వినబడుతున్నాయా?" అని అడిగి కేసు షీటులో రాయాలి. ఇంటికి పంపే చీటీలో నోరు కడుక్కోవడం, మెత్తని ఆహారం గురించి రాసినట్టే, "ఒక చెవి వినికిడి తగ్గితే వెంటనే రండి" అని తెలుగులో ఒక వాక్యం ఉండాలి. కుట్లు చూసే నర్సు చెవి గురించి కూడా అడగాలి. రోగి చెప్పినదాన్ని తన సొంత తీర్పుతో ఆపేయకుండా డాక్టరుకు చేర్చాలి. దీనికి ఖర్చు లేదు. నేను ఆనాడు చేయనిది ఇదే. మా విద్యార్థినులకు మొదట నేర్పేది కూడా ఇదే.

సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సహోదరీలు కూడా దీనిని ఇంటింటికీ చెప్పాలని మనవి. అవసరమైన పన్నును భయంతో దాచుకోవద్దు. ఇరుక్కున్న పన్ను మాటిమాటికీ చీము పడితే అపాయమే. తీయించుకోండి, కాని తీయించుకున్నాక చెవి మాట దాచుకోవద్దు.

మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు చెవిటివానిని గుంపులో నుంచి పక్కకు తీసుకొనిపోయి స్వస్థపరిచాడు. ఆ గోలలోనే ఒక మాట అనేసి పంపించలేదు. కిటకిటలాడే మా ఓపీలో మాకు కావలసిన పాఠం అది. మీకు మా మనవి ఒక్కటే. సిస్టరమ్మ "అదే పోతది" అన్నా సరే, చెవి వినబడకపోతే మళ్లీ అడగండి. డాక్టరును చూసేదాకా కదలవద్దు.

ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్