కుంకుమ భరిణె ధరలో కూలి గిట్టేదెలా?

శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలం వచ్చే యాత్రికులు తిరుగు ప్రయాణంలో ఏదో ఒక వస్తువు కొనుక్కుని వెళ్లడం ఆనవాయితీ. తరిమెన పట్టిన కొయ్య భరిణె అటువంటిదే. “నలభైకి ఇస్తావా?” అంటే ఇచ్చివేసే పనివారికి ఆ నలభైలో కర్ర ఎంత, కూలి ఎంత అన్న లెక్క ఉండడం అరుదు. సరుకంతా అమ్ముడుపోయినా చేతిలో డబ్బు మిగలకపోవడానికి అసలు కారణం ఇదే.

భరిణె చూడడానికి చిన్నదే గాని పని చిన్నది కాదు. ఈ పనికి పేరుపడింది అంకుడు కర్ర. దీనినే కొన్నిచోట్ల పాలకొడిశ అంటారు. పచ్చికర్రతో చేసిన గిన్నె ఆరిన తరువాత కోలగా మారుతుంది, మూత పట్టదు. వానాకాలంలో ఉబ్బి మూత బిగుసుకుపోతుంది. అందుచేత కర్రను నెలల తరబడి నీడన ఆరబెట్టాలి. ఆ తరువాత తరిమెనపై గిన్నె, మూత వేర్వేరుగా తీసి, రంగు లక్కను తిరుగుతున్న కర్రకు ఒత్తి, మొగలి ఆకుతో మెరుగు పెట్టాలి. మూత కుదరడంలోనే పనితనమంతా ఉంది. చిన్న భరిణెకైనా పెద్ద భరిణెకైనా ఈ శ్రమ దాదాపు సమానమే. సైజు సగమైతే ధర సగం చెప్పడం పొరపాటు.

ఉదాహరణకు ఒక రోజు పనిని లెక్కవేసి చూడవచ్చు. పనివాడు రోజుకు 20 భరిణెలు తీశాడనుకుందాం. కర్రకు 300 రూపాయలు, లక్కకు, రంగులకు 160, కరెంటుకు, ఉలి అరుగుదలకు 60, కూలి 600. మొత్తం 1,120 రూపాయలు. పగిలినవి, మూత వదులైనవి మూడు తీసివేస్తే అమ్మకానికి నిలిచేవి 17. అంటే ఒక్కొక్కటి సుమారు 66 రూపాయలు పడింది. కర్రను, రంగును మాత్రమే 20తో భాగించుకున్నవాడికి అది 23 రూపాయలుగా కనిపిస్తుంది. నలభైకి అమ్మి పదిహేడు రూపాయలు లాభమని సంతోషిస్తాడు. నిజానికి 17 భరిణెలకు వచ్చిన 680లో ఖర్చులు 520 పోగా మిగిలేది 160 రూపాయలే. ఉపాధి హామీ మట్టిపనికి 2024-25లో నిర్ణయించిన రోజుకూలి 300 రూపాయలన్నది గమనార్హం. చేతిలో విద్య ఉన్నవాడికి అందులో సగానికి కాస్త ఎక్కువ దక్కితే, కొడుకును ఈ పనిలో పెట్టడానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది?

తిరునాళ్ల ఖర్చు దీనికి అదనం. నాలుగు రోజులకు అంగడి అద్దె, బస్సు ఛార్జీలు, తిండి కలిసి 2,600 అయితే, ఆ నాలుగు రోజులు పని మానినందుకు 2,400. ఈ 5,000 రూపాయలు 200 భరిణెల మీద పడితే ఒక్కొక్క దానికి 25, వంద మీదే పడితే 50. అంగడి వేసేముందే ఈ లెక్క తేల్చుకోవాలి. మొదటి లెక్కన భరిణెకు 91 పడుతుంది గనుక 110 చెప్పి వందకు దిగవచ్చు. అంతకు తగ్గితే కూలి కరుగుతుంది. ఇంటి దగ్గరకు వచ్చి వంద ఒకేసారి కొనే వర్తకుడికి 75కు ఇచ్చినా నష్టం లేదు. అతడు పట్నంలో రెట్టింపు ధరకు అమ్ముకుంటే ఈర్ష్య పడనక్కరలేదు, అద్దె అతడిది. కాని అదే భరిణెను పనివాడే తిరునాళ్లలో 60కి అమ్మాడని తెలిస్తే ఆ వర్తకుడు మళ్లీ గడప తొక్కడు.

ప్లాస్టిక్ భరిణెతో ధరలో పోటీకి దిగడం వృథా. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాక ఇందుకు దారి చూపింది. పసుపు, నీలి వంటి సహజ రంగులను అక్కడ తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ ఊరి పేరు పెట్టి ఇక్కడి సరుకు అమ్మడం మాత్రం కూడదు.

ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇంకొకటి ఉంది. ఐదువేల రూపాయల కర్ర ఆరునెలలు ఆరాలంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున 600 అవుతుంది. భరిణెకు రెండు రూపాయలు వడ్డీకే పోతాయన్నమాట. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం, బొమ్మల తయారీ ఉన్నాయి. అందులో తొలి విడత లక్ష రూపాయల అప్పుకు ఏడాదికి నూటికి ఐదే వడ్డీ. అదే కర్రకు అప్పుడు 125 రూపాయలతో సరిపోతుంది.

అడవి పక్కనే ఉంది గదా, కర్రకు ఖరీదేమిటనే వారు లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులలో లక్కను చేర్చింది గాని కలపను చేర్చలేదు. ఒకే భరిణెలో పైపూత గిరిజనుడు సేకరించి అమ్ముకోదగినది, లోపలి కర్ర అనుమతి లేనిదే నరకరానిది. దొంగచాటు కర్రతో చేసిన భరిణె చౌకగా కనిపించినా, పట్టుబడితే తరిమెన కూడా చేజారే ప్రమాదం ఉంది. బిల్లుతో కొన్న కర్ర ధరనే లెక్కలో వేసి, ఆ బిల్లు దాచుకోవాలి. అంకుడు చెట్టు నరికినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది గనుక పొలం గట్ల మీద పెంచుకోవచ్చు. అయితే ఆ కర్ర చేతికి అందడానికి ఏళ్లు పడుతుంది. అందాకా నవమి లెక్కలో కొన్న కర్ర ధరే వేసుకోక తప్పదు.