సగమే విన్న పాట

ఆడపిల్లల రాక్ బ్యాండ్ సినిమా ఆల్బమ్ చేతికొస్తే మొదట పుట్టే అనుమానం ఒకటే: తెర మీద పెదవులు కదిపినవాళ్లే పాడారా? 2010 నాటి ‘ది రన్‌అవేస్’లో డకోటా ఫ్యానింగ్, క్రిస్టెన్ స్టీవార్ట్ సొంత గొంతులతోనే పాడారు. తెలుగులో అలాంటి ఆల్బమ్ ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లు సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన ‘బలగం’ (2023) మళ్లీ వినాలి. భీమ్స్ సిసిరోలియో బాణీల్లో ‘ఊరు పల్లెటూరు’ గురించి అందరూ మాట్లాడారు; దాన్ని రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డూ వచ్చింది. అసలు బ్యాండ్ మాత్రం చివర్లో దిగుతుంది. నల్లిబొక్క దగ్గర మొదలై ఏళ్ల తరబడి ముదిరిన బావాబామ్మర్దుల పంతం, ఇంటి పెద్ద పోయిన పదకొండో రోజున, బుడగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే కరిగిపోతుంది. తెర మీదా వాళ్లే, రికార్డులోనూ వాళ్లే. ఆయన కథ నడుపుతుంటే ఆమె అందుకుంటుంది. తోబుట్టువుల ఊసు ఆడగొంతులో పడేసరికి అన్నల తలలు వంగిపోతాయి. దాన్ని ‘మొగిలయ్య పాట’ అనేసి ఊరుకున్నవాళ్లు సగమే విన్నారు.

2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశాడు. కొమురమ్మ పేరు ముందు పెట్టి ఆ పాటను ఎవరూ ఇంకా పరిచయం చేయడం లేదు.