మైక్రో ఆర్.ఎన్.ఏ. - క్యాన్సరు

మైక్రో ఆర్.ఎన్.ఏ. అనగా జీవకణాలలో ఉండే, సుమారు 22 న్యూక్లియోటైడుల పొడవు మాత్రమే గల అతి చిన్న ఆర్.ఎన్.ఏ. పోగు. ఇది ప్రోటీనును తయారు చేయదు. ప్రోటీను తయారీకి డి.ఎన్.ఏ. నుండి సందేశం మోసుకువచ్చే ఆర్.ఎన్.ఏ.కు అతుక్కొని ఆ తయారీని తగ్గిస్తుంది. 1993లో అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే పురుగులో దీనిని వెల్లడించారు. ఇది ఆ పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది భావించారు. 2000లో రవ్‌కున్ బృందం కనుగొన్న లెట్-7 మానవులలో కూడా ఉన్నదని తేలిన తరువాతనే ఆ అభిప్రాయం మారింది. వీరిద్దరికీ 2024లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బహుమతి రాగానే మందు కూడా వచ్చేసినట్లు భావించడం సహజమే కాని, ఈ విషయంలో అది నిజం కాదు.

క్యాన్సరుతో సంబంధం

2002లో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే బృందం ఒక రకం రక్త క్యాన్సరును (దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియా) పరిశీలించి, 13వ క్రోమోజోములో తరచుగా లోపించే భాగంలోనే మిర్-15, మిర్-16 ఉన్నాయని చూపింది. ఈ రెండూ బి.సి.ఎల్.-2 అనే ప్రోటీనును అదుపులో ఉంచుతాయి. ఆ ప్రోటీను కణాన్ని చావనివ్వదు. కనుక ఇవి లోపించినప్పుడు చావవలసిన కణాలు బ్రతికి పోగుపడతాయి. మిర్-21 కథ ఇందుకు విరుద్ధం. అనేక కణితులలో అది మితిమీరి ఉండి, పెరుగుదలకు కళ్ళెం వేసే పి.టి.ఇ.ఎన్. ప్రోటీనును అణచివేస్తుంది. అయితే వీటిని మంచివి, చెడ్డవి అని విభజించి కంఠస్థం చేయడం విద్యార్థులకు తగదు. మిర్-125బి రొమ్ము క్యాన్సరులో తగ్గి, కొన్ని రక్త క్యాన్సరులలో పెరిగి కనిపిస్తుంది.

చికిత్సా ప్రయత్నాలు

లోపించినదానిని తిరిగి అందించాలన్న ఆలోచనతో, మిర్-34కు నకలును కొవ్వు బుడగలలో ఉంచి తయారు చేసిన ఎం.ఆర్.ఎక్స్.34 అనే మందును 2013లో అమెరికాలో రోగులపై పరీక్షించడం ప్రారంభించారు. కొద్దిమందిలో కణితులు తగ్గాయి. కాని రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా స్పందించి నలుగురు మరణించడంతో 2016లో ప్రయోగాన్ని నిలిపివేశారు.

ఒక్కొక్క మైక్రో ఆర్.ఎన్.ఏ. వందలాది జన్యువుల సందేశాలను తాకగలదు. క్యాన్సరును పలుచోట్ల ఒకేసారి దెబ్బతీయగలదన్న ఆశకు ఇదే ఆధారం. ఆరోగ్యకరమైన కణాలలో ఏమి జరుగుతుందో ముందుగా చెప్పలేకపోవడానికి కూడా ఇదే కారణం. పైగా మందు కణితికే చేరేటట్లు చేయడం కష్టం. రక్తంలోకి ఎక్కించినది అధికంగా కాలేయానికి చేరుతుంది.

2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్‌ను కొందరు ఈ కోవలో చేర్చుతారు. అది మైక్రో ఆర్.ఎన్.ఏ. కాదు, క్యాన్సరు మందు కూడా కాదు. కాలేయంలో ఒకే ఒక జన్యువు సందేశాన్ని అడ్డగించేందుకు కృత్రిమంగా రూపొందించిన ఆర్.ఎన్.ఏ. అది.