వనం గేటు ఎటువైపు ఉంది?

మా ఊరి ప్రకృతి వనానికి గేటు ఒక్కటే. అది ఊరి వైపు ఉంది. వనం ఉన్నది మాత్రం మా మాదిగవాడను ఆనుకుని, తాతలు తోళ్లు నానబెట్టిన పాత లందల పక్కన. 2020 నుంచి తెలంగాణలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టిన్రు. మా దగ్గర గుంటలు తవ్వింది, మొక్కలు నాటింది, మొదటి ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసింది ఎక్కువ మంది మనోళ్లే. కూలి ముట్టింది, కాదనను. పని అయిపోయినంక కంచె వేసిన్రు. వాడ చివరి ఇంటి నుంచి ఇరవై అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు కిందికి పోవాలంటే ఇప్పుడు బొడ్రాయి దాటి, రచ్చకట్ట ముందు నుంచి ఊరు చుట్టి పోవాలె.

నేను బడిపంతులును. పొద్దున పూట పిల్లలను లైనుగా ఆ వనానికి తీసుకపోత. ఎవరూ ఏమనరు. అదే పిల్లలు సాయంత్రం యూనిఫాం విప్పి ఇంటి బట్టలతో పోతే "ఎవర్రా మీరు, ఇక్కడేం పని" అని అదిలిస్తరు. ఈ తేడా నా కంట పడడానికి రెండేండ్లు పట్టింది. వాడలో మొదటి డిగ్రీ నాదే అని మనోళ్లు గొప్పగా చెప్పుకుంటరు గానీ, ఈ సంగతి నాకు చెప్పింది మూడో తరగతి పిల్ల. "సార్, సాయంత్రం గూడ యూనిఫాం తొడుక్కుని పోవాల్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే అంటున్న, ఆ వనంలో మనం ఒక బాట వెయ్యాలె. పట్నం పార్కుల్లో పొట్ట తగ్గడానికి తిరిగే టైల్స్ బాట కాదు. పిల్లల కాళ్లకు, చేతులకు, బుద్ధికి పని చెప్పే బాట. అది వాడలోనే మొదలు కావాలె.

మొదటి మజిలీ లంద దగ్గర. గట్టు మీద తంగేడు పొదలు ఇప్పటికీ ఉన్నయి. తంగేడు అంటే అందరికీ బతుకమ్మ పూవే యాదికొస్తది, రాష్ట్ర పుష్పం అని పుస్తకంలో గూడ రాసిన్రు. తంగేడు చెక్కతోనే తోలు ఊనేదని, ఆ తోలుతోనే ఊరి మోట బొక్కెనలు, చెప్పులు తయారయ్యేవని ఏ పుస్తకమూ మా పిల్లలకు చెప్పలేదు. ఆ మజిలీ దగ్గర మాట్లాడాల్సింది నేను కాదు, వాడలో మిగిలిన ముసలోళ్లు. ఒక్కొక్కరే పోతున్నరు, వాళ్లతో పాటు ఆ విద్యా పోతున్నది. తర్వాత కింద పడిన తాటిమొద్దును అడ్డంగా వేస్తే దాని మీద పిల్లలు పడకుండ నడిచే ఆట. దుంకడానికి వరుసగా రాళ్లు. వేపచెట్టుకు తాడు చుట్టి మొదలు ఎంత లావైందో ఏడాదికోసారి ముడి వేసి చూసుకోవచ్చు. నాలుగో తరగతి కొలతల పాఠం అక్కడే అయిపోతది. కానుగ నీడన ఒక బండ, ముసలవ్వలు కూర్చోవడానికి. పిట్టలకు ఒక నీళ్ల కుండ. ఇంతే. సిమెంటు అవసరం లేదు, కాంట్రాక్టరు అవసరం అంతకన్నా లేదు.

మన కుర్రాళ్లలో కొందరు నవ్విన్రు. "భూమి కోసం కొట్లాడెటోళ్లం, ఇప్పుడు పార్కు కోసం కొట్లాడాల్నా సార్?" అన్నరు. మహద్‌లో ఉన్నది భూమి పంచాయితీనా? 1923లో బొంబాయి శాసనమండలి ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకూ చెందుతాయని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువు తెరిచినం అన్నది. కాగితం మీద తెరుచుకుంది గానీ మనోళ్లు ఆ నీళ్లు ముట్టలేకపోయిన్రు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో కలిసి చెరువు దాకా నడిచి నీళ్లు తాగినంకనే అసలు లెక్క మొదలైంది. ఆ రోజే మనోళ్ల మీద దాడి జరిగింది. కోర్టు వ్యాజ్యం తెగేసరికి 1937 వచ్చింది. మన దగ్గర 1985లో కారంచేడు గొడవ రేగింది మంచినీళ్ల చెరువు కాడ. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందని రేగింది. నలుగురు తిరిగే జాగాలోనే మనను కొలుస్తరు. పార్కు చిన్నదని నేనెట్ల అనుకోవాలె?

చట్టం మన వైపే ఉంది. రోడ్లు, బావులు, చెరువులు, జనం కూడే చోట్ల కులం పేరుతో అడ్డుపెట్టొద్దని రాజ్యాంగం 15వ అధికరణ చెప్తది. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు ఉమ్మడి వనరులు వాడుకోనియ్యకుండ అడ్డుకోవడాన్ని నేరంగా స్పష్టంగా రాసిన్రు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలె. అంటే రెండో గేటుకు పైసల్లేవు అనే మాట చెల్లదు. నోటిమాట నమ్మొద్దు. గ్రామసభలో లేచి అడగాలె, తీర్మానం పుస్తకంలో రాయించాలె, రాసింది చదివించుకున్నంకనే సంతకం పెట్టాలె.

మన తప్పులూ మాట్లాడుకుందాం. రాత్రిపూట వనంలో సీసాలు పగలగొట్టెటోళ్లలో ఊరి పోరగాళ్లు ఉన్నరు, మనోళ్లూ ఉన్నరు. గాజుపెంకులు గుచ్చుకునేది చెప్పులు లేని పిల్లల కాళ్లకే. సాయంత్రం ఆడపిల్లలు అటు పోకపోవడానికి ఊరోళ్ల అదిలింపు ఒక్కటే కారణం కాదు. ఈ సంగతి యువజన సంఘం మీటింగుల అంటే ఇద్దరు అలిగి లేచిపోయిన్రు. పోనీ. బాట వేస్తే దాన్ని ఊడ్చేది, ఎండాకాలం కుండలో నీళ్లు పోసేది ఎవరో ముందే ఇండ్లవారీగా వంతులు రాసుకోవాలె. లేకుంటే మొదటి వానకే గడ్డి మొలిచి బాట మాయమైతది. "చూసిన్రా, వీళ్లకు చేతగాదు" అనే మాట వాళ్లకు తయారుగా ఉంటది.

ఊరి పిల్లలు ఈ బాట మీదికి రావొద్దని మనం అనం. వస్తరు. తాటిమొద్దు మీద నడవాలని ఏ పిల్లకు ఉండదు? వాళ్లు గూడ లంద దగ్గర నుంచే మొదలుపెట్టాలె, అంతే.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి సున్నంతో బాట గీస్తున్నం. లంద నుంచి కంచె దాకా మన జాగా, ఎవర్నీ అడిగే పని లేదు. కంచె కాడ ఆగి, గేటు కావాల్సిన చోట రెండు గీతలు గీసి, పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇస్తం. సున్నం బస్తా, కొలతాడు మా ఇంట్ల ఉన్నయి. పారలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలె.