రెక్క కింద హీరో వద్దు!

"సినిమాల్లో విలన్ హెలికాప్టరు పేలిపోతుంది కదండీ, అంత ఖరీదైనదాన్ని నిజంగానే పేల్చేస్తారా?" అని ఓ పాఠక సోదరుడు ఉత్తరం రాశాడు. ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, పేల్చరు బాబూ. వెనకటి రోజుల్లో బొమ్మని పేల్చేవారు, ఇప్పుడు కంప్యూటర్లో పేలుస్తున్నారు. కానీ ఒక్క ముక్కతో ఊరుకోవడం నాకెప్పుడు చేతనైంది గనక! పైగా బొమ్మ హెలికాప్టరు మాటెత్తితే నాకు లోపల ఓ ముల్లు కలుక్కుమంటుంది. ఈ వారం ఆ ముల్లు సంగతే.

నేనుండేది అల్వాల్లో. మా డాబా ఎక్కితే రోజూ ఉచిత ప్రదర్శనే. పక్కనే హకీంపేట. వైమానిక దళం హెలికాప్టరు పైలట్లకి ఓనమాలు దిద్దించే చోటు. ఆ ఓనమాల పలక పేరు చేతక్. రాణా ప్రతాప్ గుర్రం పేరన్నమాట. పుట్టిల్లు ఫ్రాన్సు. 1959లో 'అలూయెట్ 3' అనే పేరుతో మొదటిసారి ఎగిరింది. తరవాత మన హెచ్.ఎ.ఎల్. వాళ్లు లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారు చేశారు. ముందంతా అద్దాల బుర్ర, కింద మూడు చక్రాలు, నెత్తిన మూడు రెక్కలు. మా వీధి పిల్లలు దాన్ని చూసి తలెత్తను కూడా ఎత్తరు.

తల ఎత్తే మనిషి ఒకాయన ఉన్నాడు. వైమానిక దళంలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. వీధంతా 'సార్జెంటుగారు' అంటుంది. ఆయన మేడమీద గదిలో రెండున్నరేళ్లుగా ఓ చేతక్ తయారవుతోందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. చేతిలో పట్టే బొమ్మ అనుకున్నా. తలుపు తీస్తే గుమ్మానికి అడ్డంగా తోక! అసలు చేతక్‌లో సరిగ్గా అయిదో వంతు. అసలుదాని రెక్కల చక్రం అడ్డంగా 11 మీటర్లు, దీనిది 2 మీటర్ల 20 సెంటీమీటర్లు. బరువు 13 కిలోలు. బోల్టులూ బేరింగులూ రాణీగంజ్‌లో కొన్నవి, రెక్కలు విదేశాలనుంచి తెప్పించినవి, అద్దాల బుర్ర మటుకు ఆయనే ప్లాస్టిక్ షీటు వేడిచేసి చెక్క అచ్చు మీద లాగింది. ఏడు పాడయ్యాక ఎనిమిదోది కుదిరిందట.

"విమానం బొమ్మ చేసేవాడు వడ్రంగి అయితే చాలు. హెలికాప్టరు చేసేవాడు గడియారాలు బాగుచేసేవాడై ఉండాలి" అన్నాడాయన. రెక్కలు తిరుగుతూనే తమ వాలు మార్చుకోవాలి మరి. మూడూ ఒక్కసారే వాలు పెంచితే పైకి లేస్తుంది. ఒక పక్కకి వచ్చినప్పుడే పెంచి ఇంకో పక్క తగ్గిస్తే ఒరిగి అటు నడుస్తుంది. నెత్తిన రెక్కలు ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు గిర్రున తిరగబోతుంది. దాన్ని ఆపేది తోకమీది బుల్లి రెక్క. ఈ మూడింటినీ దూరాన నిలబడి రెండు బొటనవేళ్లతో నడపాలి. ఈ విద్యని మొదట సాధించి చూపింది జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్, 1970 ప్రాంతంలో. అంతకుముందు చేసిన బొమ్మలు లేచేవి, వెంటనే కూలేవి.

అన్నట్టు, బొమ్మే అసలుదానికి తల్లి అయిన కథ కూడా ఉంది. అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన ఏళ్ల తరబడి బొమ్మలతోనే కుస్తీపట్టి, 1941లో ఒకదాన్ని బెల్ కంపెనీవాళ్ల ముందు ఎగరేసి చూపించాడు. పాత ఇంగ్లీషు సినిమాల్లో గాజుబుడగ హెలికాప్టరు కనిపిస్తుందే, ఆ బెల్ 47 దాని సంతానమే.

చేతక్ అల్వాల్లో తయారైంది గాని అల్వాల్లో ఎగరలేదు. నెత్తిమీద శిక్షణ పైలట్లు తిరుగుతుంటే బొమ్మ ఎగరేయడం నేరం, పాపం కూడా. 2021 డ్రోన్ రూల్సు వచ్చాక మ్యాపులో పచ్చరంగున్న చోట 400 అడుగుల దాకా సరే. అందుకని తెల్లవారుజామున నాలుగింటికి వ్యానుకెత్తి, కరీంనగర్ రోడ్డు పట్టుకుని శామీర్‌పేట దాటి, ఇంకా చాలా దూరం పోయి, బంధువుల బీడు భూమిలో దించేవాడు. మొదటిసారి అది నేల వదిలినప్పుడు నేనున్నాను. మోకాలెత్తున నిలబడింది, అంతే. గడ్డి చుట్టూ పడుకుంది. సార్జెంటుగారు ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. నాకు మటుకు ఈల వెయ్యాలనిపించింది.

ఇక నా నోరు ఊరుకుంటుందా! సినిమా కోర్సు చదివే ముగ్గురు కుర్రాళ్లు నాకు తెలుసు. చదువులో భాగంగా చిన్న సినిమా తీస్తున్నారు. విలన్ హెలికాప్టర్లో వచ్చి పొలంలో హీరోని తరమాలి. నేనే తీసుకెళ్లి పరిచయం చేశాను. డైరెక్టరు కుర్రాడు కథ చెప్తూ చెప్తూ, "అంకుల్, హీరో పరిగెడుతుంటే సరిగ్గా తలమీంచి పోవాలి" అన్నాడు. సార్జెంటుగారు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"రెక్కలు నిమిషానికి 900 చుట్లు. రెక్క కొస గంటకి 370 కిలోమీటర్ల వేగం. 2013లో న్యూయార్కులో పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన బొమ్మ హెలికాప్టరు రెక్క తగిలే పోయాడు. నీ హీరో వయసెంత?"

నాకు కోపమొచ్చింది. ఇంటికొచ్చిన పిల్లలతో అలా మాట్లాడతారా అని. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే జయన్ గుర్తొచ్చాడు. మలయాళ ప్రేక్షకుల ఆరాధ్య హీరో. 1980 నవంబరు 16న మద్రాసు దగ్గర షోళవరంలో 'కోళిళక్కం' షూటింగులో హెలికాప్టరుకి వేలాడుతూ ప్రాణం పోగొట్టుకున్నాడు. షాటు బాగానే వచ్చినా ఇంకోసారి తీద్దామన్నది ఆయనే అంటారు. 1982 జూలైలో హాలీవుడ్‌లో 'ట్విలైట్ జోన్' షూటింగులో హెలికాప్టరు కూలి విక్ మారో అనే నటుడూ ఇద్దరు పసిపిల్లలూ పోయారు. వాళ్లు ముగ్గురూ దాని కిందే ఉన్నారు.

కుర్రాళ్లు వదల్లేదు. వారం తరవాత లెక్కలతో వచ్చారు. ఈ భాగం జాగ్రత్తగా చదవండి, డబ్బులిచ్చి నేర్చుకునే విద్య ఇది. అయిదో వంతు బొమ్మని కెమేరాకి 40 మీటర్ల దూరంలో పెడితే, కంటికి అది 200 మీటర్ల దూరంలో ఉన్న అసలు హెలికాప్టరే. హీరోని 120 మీటర్ల దూరంలో పరిగెత్తిస్తే? తెరమీద హెలికాప్టరు హీరో వెనక, నేలమీద మాత్రం హీరోకి ఎంతో ముందు! ఇద్దరి మధ్యా 80 మీటర్ల బీడు. ఇక బొమ్మ బొమ్మలా బెదురుగా కదలకుండా ఉండాలంటే సెకనుకి 24 ఫ్రేములు చాలవు, 53 దాకా తియ్యాలి. అలా తీసి మామూలు వేగంతో వేస్తే 900 చుట్లు తిరిగే రెక్క తెరమీద 400 తిరుగుతుంది. అసలు చేతక్ రెక్కలు తిరిగేది దాదాపు 350! పెద్ద బొమ్మకున్న మహత్యం ఇదే. అరచేతి బొమ్మతో ఈ లెక్క కుదిరి చావదు. మరి హీరో పరుగు కూడా నెమ్మదించదా అంటారా? మన హీరోలు ఎలాగూ స్లో మోషన్లోనే పరిగెత్తుతారు కదండీ.

సార్జెంటుగారు కాగితం రెండుసార్లు చూసి, "సరే" అన్నాడు.

ఇప్పుడు ముల్లు. విలన్ హెలికాప్టరంటే నల్లగా ఉండాలి కదా అన్నాను నేను. తోక విప్పి రంగు వేయాలి, ఆరి మళ్లీ బిగించడానికి రెండు రోజులు కావాలన్నాడాయన. ఎల్లుండికి కెమేరా అద్దె అయిపోతుంది, ఈ రాత్రికే కానివ్వండన్నాను. ఆ మాట అన్నది కుర్రాళ్లు కాదు, నేను. ఆయన రాత్రి రెండింటి దాకా కూర్చుని బిగించాడు. నాలుగింటికి బయల్దేరాం.

మొదటి టేక్ భేషుగ్గా వచ్చింది. రెండోది ఇంకా బాగుంది. డైరెక్టరు మూడోది అడిగాడు. నేనూ తలూపాను.

బొమ్మ పదిహేను మీటర్ల ఎత్తున ఉండగా తోక శబ్దం మారింది. నాకు తెలియలేదు, ఆయనకి తెలిసింది. అంతలోనే బొమ్మ ఎడమకి గిర్రున తిరగడం మొదలెట్టింది. ఆయన మోటారు కట్టేశాడు. చూసేవాడికి పిచ్చిపని, చెయ్యగలిగింది మాత్రం అదొక్కటే. మోటారు ఆగితే ఒళ్లు తిరగడం తగ్గుతుంది, పడుతున్న గాలికే రెక్కలు తిరుగుతూ కొంచెం ఆపుతాయి. చివర్లో వాలు పెంచాడు. అయినా గట్టిగానే పడింది. చక్రాలు విరిగాయి, రెక్కలు వంగి తమ తోకని తామే నరుక్కున్నాయి. ఒక ముక్క చాలా దూరం ఎగిరిపోయి పడింది. హీరో కుర్రాడు అవతల, ఎనభై మీటర్ల దూరంలో, ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు.

తోకలోపలి కడ్డీని పట్టే చిన్న మర వదులైంది. మర కదలకుండా వేసే జిగురు చుక్క ఆ రాత్రి హడావిడిలో పడలేదు. ఆయన ఆ మరని అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కుర్రాళ్లు భయపడుతూనే అడిగారు, పడిపోయిన షాటు వాడుకోవచ్చా అని. ఆయన ఒకసారి వేసి చూపించమన్నాడు. తోక తిరిగేచోట ఆపించాడు, మళ్లీ వేయించాడు, "వాడుకోండి" అన్నాడు. కాబట్టి ఉత్తరం రాసిన సోదరా, ఎప్పుడైనా ఏ కాలేజీ ఉత్సవంలోనో నల్ల చేతక్ కూలే చిన్న సినిమా కనిపిస్తే, అది గ్రాఫిక్స్ కాదని పక్కవాడికి చెప్పు.

కొత్త తోక మొదలైంది. ప్రతి ఆదివారం మేడమీదికి వెళ్తున్నాను. నా పని ఒక్కటే: ఆయన ఇచ్చిన ప్రతి మరకీ జిగురు చుక్క పెట్టి, పెట్టినట్టు పుస్తకంలో రాసి సంతకం చెయ్యడం. మొన్నటికి ఇరవై ఏడు సంతకాలయ్యాయి. రంగు ఈసారి పాతదే, వైమానిక దళం బూడిదరంగు.

వచ్చే వారం మళ్లీ మన పాటల కబుర్లు.