గాలి పట్టిన బండి

ధనుర్మాసంలో తెల్లవారుజామున లేస్తే పుణ్యమని మా అమ్మగారు చెబుతూ వుండేవారు. ఆ పుణ్యం నాకు ఎన్నడూ దక్కలేదు. కళాశాలలో మొదటి గంట పాఠం నాది కాకపోతే సూర్యుణ్ణి నేను నడినెత్తినే చూసేవాణ్ణేమో! అటువంటివాణ్ణి మొన్న డిసెంబరు ఆఖరున ఒక రాత్రంతా మంచులో కూర్చుని జాగారం చేశాను. ముక్కోటి కాదు, శివరాత్రి అంతకన్నా కాదు. ఒక ట్రాక్టరు కోసం.

పెద్దదోర్నాలలో మా అక్కయ్యగారి ఇల్లు వున్నది. మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్ళినవారికి ఆ వూరు తెలిసే వుంటుంది. నల్లమల ఎక్కబోయే ముందు బస్సు ఆగేదీ, యాత్రికులు టీ తాగేదీ అక్కడే. లోపల పులుల అభయారణ్యం కనుక రాత్రిపూట అడవి గేటు మూసేస్తారు. పొద్దుపోయి వచ్చిన బండ్లకు తెల్లవారేదాకా అక్కడే పడిగాపులు. కొండమీంచి దిగే చలిగాలికి మాత్రం ఏ గేటూ అడ్డం లేదు. అది తిన్నగా వచ్చి మన దుప్పట్లోనే దూరుతుంది.

ఆ రాత్రి నేను రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నానో లేదో, ‘ఠంగు ఠంగు’మని ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు మొదలయింది. పది గంటలయింది, పదకొండయింది, చప్పుడు ఆగలేదు.

“ఎవరు బావా ఈ మహానుభావుడు?” అన్నాను.

“మన మేస్త్రీ. ట్రాక్టరు విప్పాడు. ఎల్లుండి కంది నూర్పిడికి కావాలంట,” అని బావ అటు తిరిగి పడుకున్నాడు.

ఉపాధ్యాయుడికి కోపం వస్తే వూరుకోడు గదా! మఫ్లరు చుట్టుకుని, నాలుగు మాటలు గట్టిగా చెప్పి రావాలని బయలుదేరాను.

వాకిట్లో రేకుల పంచ. వేపచెట్టు కొమ్మకు దీపం. దాని కింద ట్రాక్టరు సరిగ్గా నడుముకు రెండు ముక్కలై వున్నది! లారీకీ కారుకీ వున్నట్టు చాలా ట్రాక్టర్లకు విడిగా చట్రం వుండదట. ముందు ఇంజను, వెనక గేరుపెట్టె, రెంటినీ బోల్టులతో బిగిస్తే అదే దాని వెన్నెముక. ఆ రెంటి నడుమ క్లచ్ ప్లేటు దాగి వుంటుంది. పళ్ళెమంత వెడల్పున్న ఆ బిళ్ళ అరిగిపోతే, దాన్ని మార్చటానికి రెండు టన్నుల బండిని నడుముకు విడదియ్యక తప్పదు.

నేను నోరు తెరవబోయేంతలో గేరుపెట్టె కింద నుంచి ఒక తల బయటికి వచ్చింది. నూనె మరకల మధ్య ఆ ముఖాన్ని నేను గుర్తుపట్టాను. నా విద్యార్థి!

ఇక్కడ కొంత వెనక్కు పోవాలి. ఆ కుర్రవాడు డిగ్రీ రెండో సంవత్సరం. పేరెందుకు లెండి. తెలుగు చక్కగా రాస్తాడు. నెల రోజులుగా మొదటి గంటకు రావటం మానేశాడు. వచ్చిన రోజున వెనక బల్ల మీద నిద్ర. ఒకనాడు నేను వాణ్ణి లేపి నిలబెట్టి, “నీకేం గాలి పట్టిందిరా అబ్బాయ్? వూరి మీద తిరుగుడు గాలా?” అన్నాను. తరగతి అంతా గొల్లుమన్నది. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. మర్నాటి నుంచి వాడు అసలే రాలేదు. హాజరు పట్టీలో వాడి వరస పొడుగునా ఎర్రగీతలు పడ్డాయి. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

“రాండి సారూ, కూకోండి. ఏంది, ఇంత చలిలో వచ్చారు?” అంటూ మేస్త్రీ చలిమంట దగ్గర పీట వేశాడు. వాడి తండ్రి ఆయనే. చప్పుడు ఆపమని చెప్పటానికి వచ్చానని ఎలా అనగలను? కూర్చున్నాను.

మంట దగ్గర ఇంకొకాయన వున్నాడు, బండి యజమాని. కౌలు రైతు. పాత ట్రాక్టరును అప్పుచేసి కొన్నాడు. పై నెల మొదటి వారంలో వాయిదా కట్టాలి. కంది నూర్పిళ్ళ కిరాయి వస్తేనే కట్టగలడు. మార్కాపురం లాక్కుపోవాలంటే ఇంకో ట్రాక్టరుకు కిరాయి ఇవ్వాలి. అందుకని ఈ వాకిలి.

దోర్నాల వాళ్ళకు పెద్ద యంత్రాలు కొత్త కాదు. వెలిగొండ ప్రాజెక్టు కోసం నల్లమల కడుపులో దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తొలిచారు. మొదటిది 2021 జనవరిలోనూ, రెండోది 2024 జనవరిలోనూ తవ్వకం పూర్తయింది. కొండను తొలిచే యంత్రం మొరాయిస్తే దానికి ఇంజనీర్ల దండు వుంటుంది. కౌలు రైతు ట్రాక్టరు మొరాయిస్తే వేపచెట్టూ, మేస్త్రీ వుంటారు.

మేస్త్రీ ఒక డబ్బాలో నూనె కాచి, అందులో కొత్త బేరింగును వుడకేస్తున్నాడు. ఇదేం వంట అని అడిగాను. “ఇరుసు కంటే దీని కంత వెంట్రుకవాసి తక్కువ సారూ. కాగితే సాగుద్ది. ఇరుసేమో మంచులో పడుండి బిగుసుకున్నది. చలి కూడా పనికొస్తది చూడండి,” అన్నాడు. పట్టకారుతో తీసి తొడిగితే బేరింగు ఉంగరంలా జారి కూర్చున్నది. చల్లారాక సుత్తితో కొట్టినా రాదట.

చలిని పనిలో పెట్టుకునే అదృష్టం అందరికీ లేదు. కెనడా వంటి చోట్ల ఇంజనులో నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది పాళ్ళు వుబ్బి పోత ఇనుమును పగలగొడుతుంది. అక్కడివారు గడ్డకట్టని మందు కలిపి, రాత్రుళ్ళు ఇంజనుకు విద్యుత్తుతో వేడి పెట్టి వుంచుతారు. మన చలి అంత క్రూరమైనది కాదు. ఆయిలును బెల్లం పాకం చేసి, బ్యాటరీని నీరసపరచి వదిలేస్తుంది.

రెండు గంటల వేళ ‘టప్’మని చప్పుడయింది. మంచుకు మెత్తబడిన నేలలో జాకీ ఒక పక్కకు ఒరిగింది. వెనక సగం బండి నాలుగు వేళ్ళ మేర కిందికి దిగి ఆగిపోయింది. కుర్రవాడి చెయ్యి మోచేతి దాకా దాని కిందనే వున్నది. కింద అడ్డంగా పేర్చిన చెక్క దుంగలు దాన్ని ఆపాయి.

ఎవరికీ మాట రాలేదు. వాడు చెయ్యి మెల్లగా బయటికి తీసుకున్నాడు. గీత కూడా పడలేదు. మేస్త్రీ చెంబెడు నీళ్ళు తాగాడు. ఆయన చేతులు వణకటం నేను చూశాను.

“జాకీ లేపేదే గానీ మోసేది కాదు సారూ. దుంగలు పెట్టందే కింద దూరొద్దని మావాడికి మొదటి పాఠం. బరువని అప్పుట్లో ఏడిచాడు,” అని, కాసేపాగి మళ్ళీ అన్నాడు: “నా రెండు కళ్ళల్లో శుక్లాలు. సంక్రాంతి దాటినాక ఆపరేషను చేస్తామన్నారు. అందాకా వాడి కళ్ళే నా కళ్ళు. కాలేజీ పోతన్నదని తెలుసు. ఏం చేసేది?”

నేను నిప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. వూరి మీద తిరుగుడు గాలి అన్నాను గదా వాణ్ణి!

తెల్లవారుతుండగా రెండు సగాలనూ కలిపారు. తండ్రి అరిచేత్తో తడిమి చెబుతుంటే కొడుకు చూసి పళ్ళు కలిపాడు. బోల్టులన్నీ ఎదురెదురుగా బిగించారు. ఇక తాళం తిప్పటమే. బండి గురక పెట్టి వూరుకున్నది.

“గాలి పట్టింది నాయనా,” అన్నాడు కుర్రవాడు.

నేను ఉలిక్కిపడ్డాను. వాడు నా వంక చూడలేదు. వాళ్ళ పరిభాషలో అది మామూలు మాటే. గొట్టాలు విప్పి కలిపినప్పుడు డీజిలు దారిలో గాలి చొరబడుతుంది. డీజిలింజనుకు నిప్పురవ్వ వుండదు. లోపలి గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే చమురు మండాలి. చమురు దారిలో బుడగ వుంటే చమురు సరిగా అందదు. ఈ ఇంజనే 1900 సంవత్సరం పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో కూడా నడిచిందని నేను ఎక్కడో చదివాను. చదివిన నాకు గాలి తియ్యటం తెలియదు. వాడికి తెలుసు. చిన్న మర ఒకటి వదులు చేసి, చేతిపంపు కొడుతూ నురగ పోయి చమురు ధారగా వచ్చేదాకా ఓపికగా కూర్చున్నాడు. బండిని తిట్టలేదు, తన్నలేదు. మర బిగించి తాళం తిప్పాడు. తెల్లటి పొగ వదిలి బండి బతికింది. కౌలు రైతు ఇంజను మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకున్నాడు.

రాని విద్యార్థికి వచ్చినట్టు గుర్తు వెయ్యలేను. అది అబద్ధం, వాడూ అడగలేదు. తగిన కారణం వుంటే, కొంతమేరకు రుసుము కట్టించుకుని లోటు మన్నించే నిబంధన వున్నది. తండ్రి కళ్ళ సంగతి రాయించి, నా ఉత్తరం జతచేసి ప్రిన్సిపాలుగారికి అందజేశాను. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు. ఆదివారాలు అక్కయ్యగారింట్లో వాడికి పోయిన పాఠాలు చెబుతున్నాను.

నా వల్ల అయ్యేది ఇంకొకటి మిగిలింది. సోమవారం వాడు తరగతికి వచ్చాడు. పాఠం మొదలుపెట్టక ముందు, ఆనాడు నవ్వినవారందరూ వినేట్టు, నేనన్న మాట తప్పని చెప్పి, వాణ్ణి క్షమించమని అడిగాను. ఇరవై యేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. గొంతు కాస్త బిగుసుకున్న మాట నిజమే.

వాడు లేచి నిలబడి, “ఫరవాలేదు సార్,” అన్నాడు. వాడి గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు.